ఈకల నడుమ మాంసం ముక్క

తాండూరు బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు పోయారని సోమవారం పొద్దున ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. అప్పుడు నేను హైదరాబాదులో ఆఫీసులో కూర్చుని, ప్లాట్లు అమ్మే ఒక వెంచరుకి కరపత్రం రాస్తున్నాను. ఫోన్ పెట్టేసి ఇంకో రెండు లైన్లు రాశాను కూడా. అది గుర్తొస్తే కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను.

సారు ఏ మాటనైనా చేతిలో వస్తువు పట్టుకునే చెప్పేవారు. తొమ్మిదో తరగతిలో 'లూర్' అనే మాట వచ్చింది. ఆశపెట్టి రప్పించడం అని రాసేసుకున్నాం. మర్నాడు ఆయన చికెన్ దుకాణంలో అడిగి తెచ్చిన ఈకలను కట్టగా కట్టి, దానికి తాడు తగిలించి క్లాసులో గిరగిరా తిప్పారు. ముందు బెంచీ వాళ్లం తలలు వంచేశాం. పూర్వం ఫ్రాన్సులో డేగలతో వేటాడేవాళ్ల దగ్గర ఇలాంటి కట్ట ఉండేదట, ఈ మాట దాని పేరేనట. దూరం పోయిన డేగ దాన్ని చూసి తిరిగొచ్చేది. మోసమనే అర్థం తర్వాత అంటుకుందన్నారు.

"ఈకల నడుమ మాంసం ముక్క ఉండాలె. ఉత్త ఈకలు చూపిస్తే డేగ ఒక్కసారే వస్తది."

ఆయన నేర్పిన ఇంగ్లీషే నాకు అన్నం పెడుతోంది. మొన్న దసరాకు ముందు చూడటానికి వెళ్లి, గొప్ప కోసం మర్పల్లి వెంచరు కరపత్రం ఒకటి ఇచ్చాను. అలవాటుగా ఎర్ర పెన్సిల్ తీసి తప్పులు వెతికారు. ఒక్కటీ దొరకలేదు.

"ఇంగ్లీషు మంచిగున్నది బిడ్డా. గీ నలభై అడుగుల రోడ్డు నువ్వు చూసినవా?"

చూడలేదన్నాను. ఆఫీసు వాళ్లు ఇచ్చిన వివరాలే రాస్తామన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మొహం చెల్లక ఆ తర్వాత నేను ఫోనే చేయలేదు.

దినాలకు వెళ్తే సారు భార్య పక్కన కూర్చోబెట్టుకుంది. నేను వచ్చిపోయిన వారానికే ఆయన బస్సెక్కి మర్పల్లి వెళ్లారట.

"ఆడ రోడ్డు లేదు బిడ్డా, కందిచేనే ఉన్నది. ఆ ఊరోళ్లు లేదన్నా మీ సారు ఇనలే. నా దగ్గర చదివిన పిల్ల రాసింది, ఉంటది అనుకుంట పొద్దుగూకేదాంక తిరిగిండ్రు."

ఆ కరపత్రాలు ఇంకా పంచుతూనే ఉన్నారు. ఛాతీ ఎత్తు కందిచేలో, ఒక చేత్తో కొమ్మలు తప్పించుకుంటూ, నేను రాసిన రోడ్డు కోసం సారు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.