నీలమ్మ రొయ్యపొట్టు మేత

తెల్లారేసరికి చెరువులో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నీలమ్మ గట్టు మీదకు పరిగెత్తింది. మొగుడు దాలయ్య కిడ్నీలు పాడై చేపల వేట మానేశాక ఇంటికున్న ఆధారం ఈ చెరువొక్కటే. అదీ కవిటి రైతు తారకేశ్వరరావు దగ్గర కౌలుకు తీసుకున్నది.

మేత కొనే తాహతు ఎక్కడిది? రొయ్యల షెడ్డువాళ్లు పారేసే తలకాయలు, పొట్టు బస్తాలకెత్తి తెచ్చి, ఎండబెట్టి, దంచి తవుడులో కలిపేది. ఊరంతా ముక్కు మూసుకుని నవ్వింది. నవ్వనీ, ఆ మేతకే బొచ్చె చేపలు ఏపుగా ఎదిగాయి. తారకేశ్వరరావు మాత్రం ఆ పొట్టు వద్దని, నీళ్లు పాడైతే చెరువు వెనక్కి తీసేసుకుంటానని ముందే చెప్పాడు.

నీలమ్మ ఇంజిన్ వేసి కొత్తనీళ్లు వదిలింది. నీళ్లలో కర్రలకు వేలాడదీసిన మేత సంచుల్లో ఒకటి లాగి చూసింది. వేసింది వేసినట్టే ఉండి పులిసిన వాసన కొట్టింది. చిటికెడు నాలుక మీద పెట్టుకుంది. ఒకటే ఉప్పు.

ఈ దఫా పొట్టు ఎండబెట్టింది అత్త చిన్నతల్లి. నీలమ్మ దాలయ్యను డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లిన రోజు మబ్బు పట్టింది. బుద్ధెరిగిన నాటి నుంచి ఉప్పు లేకుండా చేపను ఎండబెట్టని చెయ్యి అది. కుళ్లిపోతుందని దోసిళ్లతో చల్లేసింది. చేపలు ముట్టలేదు. మేత మురిగి నీళ్లు చెడిపోయాయి.

ఇంతలో గట్టు మీద తారకేశ్వరరావు బండి ఆగింది.

"ఏటిది నీలమ్మా? ఆ పొట్టు వొద్దని సెప్పినానా నేదా?"

"పొట్టు తప్పు కాదు బావూ. అందులో ఉప్పు పడిపోనాది. నానే ఏసినాను."

"సూసుకోకుండా మేతేసే మనిసికి సెరువెందుకు? ఈ పంట తీసీసి ఒగ్గీయ్."

నీలమ్మ వెనకాల కూర్చున్న చిన్నతల్లి మెల్లగా లేచింది. నీలమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెను ఒక్క మంచి మాట అనని మనిషి. పొట్టు దంచుతుంటే అందరికంటే ఎక్కువ నవ్విందీ ఆవిడే.

"అది అబద్దమాడతంది బావూ. ఉప్పు నానేసినాను. దాని సేతిలో ఒక్క సేపా సావనేదు."

తారకేశ్వరరావు ముసలామెను చూశాడు, చెరువు వైపు చూశాడు. కొత్తనీళ్లు పడుతున్న చోట చేపలు ఒకటీ అరా లోపలికి దిగుతున్నాయి.

"సాయంత్రం దాకా ఇంజినాపకండి," అని బండి తిప్పాడు. "మళ్లీ ఉప్పు తగలకుండా సూసుకోండి."

అప్పటిదాకా బిగబట్టుకున్న నీలమ్మ గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుపు తరవాత," అంది చిన్నతల్లి చీర ఎగదోపి నీళ్లలోకి దిగుతూ. "ఆ సంచులన్నీ తీసీయాల. ఓ సెయ్యెయ్యే అమ్మా."

అత్త నోట అమ్మా అన్న పిలుపు నీలమ్మ వినడం అదే మొదలు.