పొగగొట్టం మీద వెడల్పు లెన్సు

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న ఎనభైల్లో గాజువాకలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు. అలా బుద్ధిగా బతుకుతున్నవాణ్ణి ఒక లెన్సు పాడుచేసింది. పోర్టులో ఓడ దిగిన విదేశీ నావికుడెవరో అమ్ముతుంటే ఆగలేక కొన్నాను. దాని ముందు గాజు కోడిగుడ్డులా ఉబ్బి ఉండేది. గదిలో ఒక మూల నిలబడితే మిగతా మూడు మూలలూ ఫోటోలో పడేవి.

ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. అందులోంచి చూస్తే అన్నీ చిన్నగా, స్పష్టంగానే కనిపిస్తాయి కనక తేడా తెలిసి చావదు. దూరం అంచనా కట్టి, రింగు మీద అంకె చూసి తిప్పుకోవడమే. దానికి ఇంకో మాయరోగం కూడా ఉంది. మూరెడు దూరంలో ఉన్నదాన్ని వీధి చివర ఉన్నట్టు చూపిస్తుంది. ఒక పెళ్ళిలో దాన్ని కంటికి ఆనించుకుని ముందుకు జరిగి జరిగి పురోహితుడి వీపు మీద పడినంత పని చేశాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా అక్క భర్త, అంటే మా బావ, ఫ్యాక్టరీ పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోరు చూసేవాడు. నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. సగం లేచిన పొగగొట్టం పైనుంచి కింద జరిగే పనంతా ఒకే ఫోటోలో రావాలని కాంట్రాక్టరు పట్టుబడితే, మా బావమరిది దగ్గర అలాంటి లెన్సు ఉందని గొప్పగా చెప్పేశాడు. అక్క వినగానే విరుచుకుపడింది.

"మేడెక్కితేనే కళ్ళు తిరుగుతాయి, నీకేటి పోయేకాలంరా!" అని నన్ను తిట్టి, బావ వైపు తిరిగింది. "వాడు ఫోటో తీసినంతసేపూ వాడి నడుం మీరే పట్టుకోవాలి. ఇంకెవరికీ ఒప్పజెప్పకండి. వాడికేటైనా అయితే మా అమ్మకి నాను మొహం సూపించలేను."

బావ సరేనన్నాడు. స్టోరు దాటి ఏనాడూ పైకెక్కిన మనిషి కాదని అప్పుడు నాకు తట్టలేదు.

ఇనప బోనులాంటి లిఫ్టులో పైకి వెళ్ళాం. పొగగొట్టం అంచు చుట్టూ గుండ్రంగా చెక్కలు పరిచి ఉన్నాయి. సామాను లాగేచోట మాత్రం రెయిలింగు తీసేశారు. ఫోటోకి అడ్డులేని చోటు అదొక్కటే. గాలి ఈడ్చి కొడుతోంది. దిగిపోదాం అనబోతే మాట రాలేదు. భయంలో బావ మొహం కూడా చూడలేదు. అంతలో వెనక నా బెల్టు బిగుసుకుంది.

"పట్టుకున్నాను, తియ్యి," అన్నాడు. ఆ పట్టే నా ధైర్యం.

కెమెరా కంటికి ఆనించి రింగు చివరికంటా తిప్పాను. ఫ్రేములో కింది భాగమంతా చెక్కలే. వాటి అంచు అల్లంత దూరాన ఉన్నట్టుంది. ఒక్క అడుగు వేస్తే చెక్కలు తప్పుకుంటాయి కదా అని కాలు ముందుకు జరిపాను. ఇంకాస్త జరిపాను.

"బావా! కాలు! ఆగిపో!"

ఆ కేక వెనకనుంచి రాలేదు. ఎడంపక్కనుంచి వచ్చింది. కన్ను తియ్యకుండానే కెమెరా కొంచెం అటు తిప్పాను. ఫ్రేము మూలలో, చెక్కలు వంపు తిరిగినచోట, బావ చతికిలబడి ఒక ఇనప కడ్డీని వాటేసుకుని ఉన్నాడు. రెండు చేతులూ కడ్డీ మీదే ఉన్నాయి. మరి నా బెల్టు పట్టుకున్నదెవరు? నా పైప్రాణాలు పైనే పోయాయి. వేలు దానంతటదే నొక్కేసింది. కెమెరా దించి చూస్తే కుడి బూటు సగం గాలిలో ఉంది.

ఎలా వెనక్కి వచ్చానో, ఎలా కూలబడ్డానో తెలియదు. చూస్తే నా బెల్టుకి లావుపాటి తాడు. దాని రెండో కొస కాంక్రీటులోంచి పొడుచుకొచ్చిన ఊచకి కట్టి ఉంది.

"ఒదిలేశావేటి బావా!" కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

బావ పాక్కుంటూ వచ్చి చేతులు చాపాడు. గడగడ వణుకుతున్నాయి.

"ఈటితో పట్టుకుంటే ఇద్దరం పోతాం. అందుకే తాడు కట్టేసినాను. నీకు సెప్తే వెనక్కి తిరుగుతావని బయ్యం. అక్కడినించైతే నీ కాళ్ళు కనపడతాయని పాక్కుంటా ఎళ్ళి కూకున్నాను." గొంతు తగ్గించాడు. "మీ అక్కకి సెప్పకు బావా. మాటిచ్చినాను."

తర్వాత కూర్చునే రెండు ఫోటోలు తీసి దిగిపోయాం. కాంట్రాక్టరుకి అవి చాలాయి. అక్కకి నేనేమీ చెప్పలేదు.

కానీ ఆ మొదటి ఫోటో పారేయడానికి మనసొప్పక, ప్రింటు వేసి స్టూడియోలో తీగకి ఆరేశాను. మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన అక్క దాని ముందు ఆగిపోయింది.

"ఓలమ్మా, ఈయన ఫోటోలో ఉన్నారేటి? మరి నిన్నెవరు పట్టుకున్నారు?"

పైన నేను వేసుకున్న ప్రశ్నే. ఈసారి భయం బావ కోసం. అక్క ఫోటోని గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్ళింది. ఆ లెన్సు మూలల్లో ఉన్న మొహాల్ని సాగదీస్తుంది. బావ మొహం ఒక పక్కకి సాగి, నోరు తెరుచుకుని, చూడ్డానికే భయంగా ఉంది. ఫోటో అడుగున నా బూటు మొన కూడా పడింది. బావ చూపంతా దాని మీదే ఉంది. అక్క చాలాసేపు చూసింది. ఫోటో కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం.

"ఏవండీ, పైన వీణ్ణి మీరే పట్టుకున్నారా?" అంది వడ్డిస్తూ.

బావ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు చూడలేదు.

"నానే పట్టుకున్నాను," అన్నాడు.

"నాకు తెలుసు," అంది అక్క. ఆయన కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.