ఖాజా భాయ్ రాయించిన నాలుగు పేజీలు

నిన్న మధ్యాహ్నం ఇమ్రాన్ ఫోన్ చేశాడు.

"ఆంటీ, అబ్బా పోయిండు."

ఎవరి అబ్బా అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్ర పనిచేయలేదు.

"మా అబ్బానే ఆంటీ. ఖాజా భాయ్."

ఫోన్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఎనభైల చివర్లో నేను మా మున్సిపాలిటీలో టైపిస్ట్‌గా చేరినప్పుడు ఆయన వాటర్ వర్క్స్‌లో పంప్ ఆపరేటర్. ఉర్దూ మీడియంలో ఏడో తరగతి. ఊరికి నీళ్లిచ్చే వాగు బావి, ట్యాంకు, ప్రతి వాల్వ్ ఆయనకు చేతిగీతల్లా తెలుసు.

రోజూ పొద్దున ఒక చిన్న గాజు సీసాలో నల్లా నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేసేవాడు. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు, నీళ్లు మంచివన్నట్టు. రంగు రాకపోతే ఆ రోజు ఆయన టీ కూడా తాగేవాడు కాదు.

ఆ ఏడాది పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. తాగునీళ్లకు ఆపద వస్తే ఏం చేయాలో ప్రతి ఊరూ ముందే ప్లాన్ రాసి పెట్టుకోవాలని. ఇంజనీర్ దాన్ని ఫైల్లో పెట్టి మర్చిపోయాడు.

ఖాజా భాయ్ మర్చిపోలేదు.

"చెల్లె, నేను చెప్త, నువ్వు జర టైపు చెయ్యి" అని నా బల్ల పక్కన స్టూల్ వేసుకున్నాడు.

మోటార్ కాలిపోతే ఏం చేయాలి. పైపు పగిలితే ముందు ఏ వాల్వ్ కట్టాలి. ఏ గల్లీలో ఏ బావి నీళ్లు తాగొచ్చు, ఏ బోరులో ఫ్లోరైడ్ ఉంది. రిక్షాకు మైక్ కట్టి ఎవరు చెప్పాలి. మురుగు మోరీలోంచి పోయే పాత పైపు వానాకాలం లోపే మార్చాలని చివర్లో రెండుసార్లు రాయించాడు.

నాలుగు పేజీలు. ఇంజనీర్ టేబుల్ మీద నేనే పెట్టాను. కార్బన్ కాపీ ఖాజా భాయ్‌కిచ్చాను. దాని మీద ఆఫీసు ముద్ర వేయాలని నాకూ తోచలేదు, ఆయనా అడగలేదు.

వానలు పడ్డాయి. పైపు అక్కడే పగిలింది.

ఒక పొద్దున సీసాలో రంగు రాలేదు. ఆయన వెళ్లి ఆ వైపు వాల్వ్ కట్టేశాడు. రెండు రోజులు నీళ్లు లేవు. బోనాల పండుగ దగ్గర పడింది. ఆడవాళ్లు బిందెలతో ఆఫీసు మీదికి వచ్చారు.

ఇంజనీర్ పిలిచి, "నీళ్లు వదలవయ్యా" అన్నాడు.

"సార్, మోరీల పైపు పలిగింది. గా నీళ్లు తాగితె జనం పడిపోతరు. ఇడువాల్నంటె కాయితం మీద రాసియ్యుండ్రి."

రాసివ్వలేదు. ఇంకొకరిని పంపి వాల్వ్ తిప్పించారు.

ఖాజా భాయ్ సైకిలెక్కి గల్లీ గల్లీ తిరిగాడు. "నల్లా నీళ్లు తాగకుండ్రి! కాగవెట్టుకోని తాగుండ్రి!" అని గొంతు పోయేదాకా అరిచాడు. కొందరు నవ్వారు. మా ఇంటి ముందు ఆగి నాకు విడిగా చెప్పాడు. నేను కాచి తాగాను. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

మూడో రోజుకు దవాఖాన నిండిపోయింది. వాంతులు, విరేచనాలు. వరండాలో కూడా జాగా లేదు. మగ్గం నేసే రాములు బిడ్డ, నాలుగేళ్ల పిల్ల, భువనగిరి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

ఎంక్వైరీ పెట్టారు. ఎవరి మీద అనుకున్నారు? ఖాజా భాయ్ మీద.

అనుమతి లేకుండా నీళ్లు ఆపాడట. బ్లీచింగ్ సరిగ్గా వేయలేదట. జనాన్ని భయపెట్టాడట.

ఆయన కార్బన్ కాపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ముందుగాలనే రాసిచ్చిన సార్. గీ చెల్లెనే టైపు చేసింది. అడుగుండ్రి."

ఆఫీసర్ కాగితం తిరగేసి చూశాడు. "ముద్ర లేదే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

ఇంజనీర్ నన్నే చూస్తున్నాడు. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు.

"గుర్తు లేదు సార్" అన్నాను.

అది అబద్ధమని ఇన్నేళ్లలో ఖాజా భాయ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

ఖాజా భాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఏడాది పైగా సస్పెన్షన్. ఆ ఏడాదంతా బస్టాండ్ దగ్గర సైకిళ్లకు పంక్చర్లు వేశాడు. నేను అటు వైపు నడవడం మానేశాను.

తొంభైల్లో ప్లాన్ పంపమని పైనుంచి మళ్లీ అడిగారు. బీరువాలోంచి అవే నాలుగు పేజీలు బయటికొచ్చాయి. మళ్లీ నేనే టైప్ చేశాను, అక్షరం మారకుండా. కింద సంతకం మాత్రం ఇంజనీర్‌ది. మీటింగులో ఇంజనీర్‌కు శాలువా కప్పారు.

రిటైరయ్యాక ఒకరోజు ధైర్యం చేసి ఖాజా భాయ్ ఇంటికి వెళ్లాను. అంతా చెప్పాను. ఏడ్చాను.



"నా నౌకరి సంగతి ఇడువు చెల్లె. మల్ల వచ్చింది గద. గా రాములు బిడ్డ ఉంటే ఇయ్యాల నీ బిడ్డంత ఉంటుండె."

అంతే అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఇవాళ పొద్దున ఆయన అంతిమయాత్రకు జనాజా లేచేటప్పుడు వాళ్లింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అందరూ 'నిజాయితీ గల ఉద్యోగి' అని, 'గొప్ప మనిషి' అని పెడుతున్నారు. చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు.

ఎంక్వైరీ రోజు మేం పదకొండు మందిమి ఆ గదిలో ఉన్నాం. నిజం చెప్పడానికి నాతో సహా ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఇప్పుడు ఈ మంచి మాటలు ఎవరి కోసం?

పోయి రా ఖాజా భాయ్. నువ్వు నిజమే చెప్పావు, అబద్ధం చెప్పింది నేను. ఇక్కడ నీకు దొరకని నెమ్మది ఆ అల్లా దగ్గరైనా దొరకాలి.