చివరి సీన్‌లో ఉంగరం

సినిమా చివర ఏమైందని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకు తెలియదనే చెప్తాను.

ఆ రోజు కొల్లాపూర్ నుంచి కొత్తకోట మీదుగా పోయే బస్సులో ఫోన్‌లో సినిమా చూస్తున్నాను. ఓ మోసగాడు ఊరూరా తిరిగి జనాన్ని ముంచే కథ. పక్క సీటు పెద్దాయన కూడా మెడ చాచి ఆఖరిదాకా చూశాడు.

"దొంగ దొరకకుండనే అయిపాయె గదా సారూ?" అన్నాడు.

అసలు కిటుకు ఆయనకు అందలేదని నాకు హుషారొచ్చింది. చివరి సీను మళ్లీ పెట్టి, మోసపోయిన రైతును ఓదారుస్తున్న స్నేహితుడి వేలు చూపించాను. "గీ ఉంగరం దొంగది. వాణ్ని ఇంటికి తోల్కొచ్చింది గీయనే. ఇద్దరొక్కటే."

ఆయన ఫోన్ మీదికి ఇంకాస్త వంగాడు.

"అరచేతిల కొబ్బరికాయ వెట్టుకొని నీళ్లు చూసెటోడు మా చెల్కల మూడు జాగలు చూపెట్టిండు. మూడు బోర్లల్ల దుమ్మే లేసింది. వాణ్ని తోల్కొచ్చింది మా బామ్మర్ది."

"అది సినిమా పెద్దాయనా, అందరు గట్లుండరు" అన్నాను కంగారుగా.

"జర మళ్ల పెట్టు సారూ" అని ఆ ఉంగరాన్నే చూశాడు.

కొత్తకోటలో ఆయన కోసం ఒకతను బండి మీద వచ్చాడు. "బావా, జల్ది ఎక్కు, ఎండ కొడ్తాంది" అంటూ ఆయన సంచి అందుకున్నాడు. పెద్దాయన ఎక్కలేదు. అతని వేళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ వేళ్లకు ఏ ఉంగరమూ లేదు. అయినా చూపు తిప్పుకోలేదు.

బస్సు కదిలింది. కిటికీలోంచి కేకేద్దామంటే ఆయన పేరు కూడా నేను అడగలేదు.