ఎర్రబస్సులో రిసార్టుకు

మొన్న శనివారం పొద్దున మా కొడుకు కారు డిక్కీలో పెట్టెలు సర్దుతూ, పిల్లలను తీసుకొని హైదరాబాదుకు ఇవతల ఉన్న ఆటల పార్కు రిసార్టుకు పోతున్నామనీ, నన్ను కూడా రమ్మనీ చెప్పి దాని పేరు అన్నాడు. మోకాళ్ల నొప్పి సాకు చెప్పి తప్పించుకున్నాను గానీ అసలు సంగతి మోకాళ్లది కాదు. కోడలు ఫోనులో దారి పెట్టింది, ఫోనులోని ఆడమనిషి ఎటు తిరగాలో చెప్పడం మొదలుపెట్టింది, మనవడూ మనవరాలూ చెరొక కిటికీ పక్కన చెరొక తెర ముందు పెట్టుకొని కూర్చున్నారు, కారు వీధి మలుపు తిరిగింది. అదే చోటికి ముప్పై ఏళ్ల కిందట నేను కారు లేకుండా, నాలుగు బండ్లు మారి పోయి వచ్చాను. మా కొడుక్కి అదేమీ గుర్తులేదు. అప్పుడు వాడికి మూడేళ్లు, దారి పొడవునా నా చంకలోనే ఉన్నాడు.

అప్పట్లో మేం వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసుకొని బతికేవాళ్లం. ఇల్లంటే ముందర రెండు మగ్గాలు, వెనక ఒక అర్ర, పొయ్యికి ఒక మూల, అంతే. మా ఆయన నేసేవాడు, అత్తమ్మా నేనూ నూలు కండెలు చుట్టేవాళ్లం. పెళ్లయిన పదేళ్లలో నేను కండె ముట్టని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, మన ఈడు ఆడవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. నూలు దుమ్ముకు మా పెద్దపిల్లకు దగ్గు పట్టుకొని ఏ దవాఖానకు పోయినా తగ్గకపోతే, హనుమకొండలో రెండు గదులు కిరాయికి తీసుకొని వేరుగా ఉందామనీ, రోజూ మగ్గం దగ్గరికి వచ్చి పోవచ్చనీ ఒకనాడు మా ఆయనతో అన్నాను. దగ్గు ఒక కారణమే గానీ, నా పొయ్యి, నా గిన్నెలు, నా తలుపుకు నా తాళం అనే ఆశ కూడా అందులో ఉండేది, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు. ఆ మాట అత్తమ్మ చెవిన పడింది. ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్.

మాటలు బంద్ అంటే ఇంట్లో సద్దు లేదని అనుకునేరు, అదేం కాదు. మా మాటలన్నీ ఎనిమిదేళ్ల మా పిల్ల నోటి మీదుగా నడిచేవి. మూరెడు దూరంలో నేను కూర్చొని ఉండగానే అత్తమ్మ పిల్లను పిలిచి, "బియ్యంల రాళ్లున్నయని మీ అమ్మకు చెప్పు" అనేది. నేనేమైనా తక్కువదాన్నా, "కండ్లు మంచిగున్నోళ్లు ఏరుకోవచ్చని బాపమ్మకు చెప్పు" అనేదాన్ని. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి మోసి ఆ పిల్ల విసిగిపోయి, మా రెండు మాటలూ తనే ముందుగా అనేసి ఆటకు పోయేది. నాలుగు నెలలు ఇట్లాగే గడిచాయి, హనుమకొండలో మేం చూసి పెట్టుకున్న గదుల ఇంటాయన మాత్రం వారంలోగా ఏ సంగతీ చెప్పకపోతే గదులు ఇంకొకరికి ఇస్తానని కబురు పంపాడు.

సరిగ్గా ఆ వారమే మా సరుకు కొనే సేటు, తనకు ఎక్కడో వచ్చిన కూపను ఒకటి మా ఆయన చేతిలో పెట్టాడు. నలుగురికి రెండు రోజులు, గది వాళ్లదే, తిండి వాళ్లదే, పార్కులో ఆటలన్నీ వాళ్లవే, రానూపోనూ మాత్రం మనది. మా ఆయనకు మగ్గం మీద ఒక పెళ్లి మంటపం వాళ్ల సరుకు సగంలో ఉంది, కూపను గడువేమో దగ్గరపడింది. ఆయన మమ్మల్నిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, "పిల్లలను తీస్కొని మీరిద్దరే పోయి రాండ్రి. వచ్చినంక ఇద్దరు కలిసి ఒక్క మాట చెప్పుండ్రి. వేరంటే వేరు, కలిసంటే కలిసి. ఈ పంచాయితి నాతోని కాదు" అన్నాడు. అంటే ఆ రెండు రోజుల్లో అత్తమ్మ ఊ అంటేనే నాకు ఇల్లు, లేకపోతే లేదు. ఇంటి గొడవను ఆటల పార్కులో తెంపుకొని రమ్మన్న మగవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

అత్తమ్మ జన్మలో చేసిన దూరప్రయాణం ఒక్కటే, రెండేళ్లకోసారి మేడారం జాతర. అందుకని ఈ ప్రయాణానికి కూడా జాతరకు కట్టినట్టే మూట కట్టింది. కిరసనాయిలు స్టవ్వు, మూడు సేర్ల బియ్యం, పప్పు, గిన్నెలు, పరుచుకోవడానికి మా మగ్గం మీది జంపఖానా, డబ్బా నిండా సర్వపిండి రొట్టెలు. తిండి వాళ్లే పెడతారని పిల్లతో చెప్పించాను. పెడితే తిందాం, పెట్టకపోతే వండుకుందాం అని పిల్లతోనే జవాబు వచ్చింది.

ఇంటి నుంచి బస్టాండుకు ఆటో, అక్కడి నుంచి ఎర్రబస్సు. కండక్టరు మమ్మల్ని పెద్దరోడ్డు మీద దించి, బాణం గుర్తు ఉన్న బోర్డు చూపించి వెళ్లిపోయాడు. ఆ బోర్డు మీద రాసిన దూరం కారులో పోయేవాళ్లకు దూరమే కాదు, తల మీద స్టవ్వు, చంకలో పిల్లవాడు ఉన్నవాళ్లకు మాత్రం అది చాలా దూరం. సగం దారి ఒక సెవెన్ సీటర్ ఆటో, మిగిలిన సగం ఖాళీగా పోతున్న ఒక ట్రాక్టరు దొరికాయి. అట్లా ట్రాక్టరు ట్రాలీలో నిలబడి మేం ఆ రంగురంగుల గేటు ముందు దిగాం. కాపలాదారు పెద్ద పుస్తకం తెరిచి పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు, తర్వాత బండి నంబరు అడిగాడు. బండి లేదన్నాను. ఆ గడి నింపకపోతే లోపల ఒప్పుకోరన్నాడు. అత్తమ్మ ముందుకు వచ్చి, "ఎర్రబస్సని రాస్కో బిడ్డా, నంబరు నేను జూడలే" అన్నది. అతను నవ్వుతూ అట్లాగే రాసుకొని, స్టవ్వూ బియ్యమూ మాత్రం లోపలికి పోవని చెప్పి తన గదిలో పెట్టుకున్నాడు.

లోపల కూడా అన్నీ కార్ల లెక్కన కట్టినవే. గేటు నుంచి గదులకు ఒక వ్యాను, గదుల నుంచి పార్కుకు ఇంకొకటి, తప్పిపోతే అరగంట ఎండలో నిలబడాలి. కార్ల వాళ్లు చల్లగా మా ముందు నుంచి పోతుంటే, మేం వ్యాను కోసం చెట్టు నీడలు వెతుక్కునేవాళ్లం. ఆ రాత్రి అత్తమ్మ మంచం మెత్తగా ఉందని కింద జంపఖానా పరుచుకుంది. పిల్ల బాపమ్మ పక్కన చేరింది, పిల్ల లేకపోతే పిల్లవాడు పడుకోడు, చివరికి నేనూ కిందనే పడుకున్నాను. ఇంటి మాట ఆమె ఎత్తలేదు, నేను ఎత్తడానికి మధ్యవర్తి నిద్రపోయింది.

మరునాడు పార్కులోకి అడుగు పెట్టగానే అత్తమ్మ చేసిన పని చూసి నాకు తల కొట్టేసినట్టయింది. జాతరలో మనవాళ్లు ఎక్కడ దిగినా ఒక పెద్ద కర్ర పాతి, దానికి తమ ఇంటి గుర్తుగా చీరో బకెట్టో కట్టుకుంటారు కదా, లక్షల మందిలో తప్పిపోయినవాళ్లు దాన్ని చూసుకొని వస్తారని. అత్తమ్మ తోటమాలిని బతిమిలాడి ఒక పొడుగు వెదురు కర్ర సంపాదించి, తన పాత పచ్చచీర ముక్క దానికి కట్టి, పచ్చికలో పాతి, కింద జంపఖానా పరుచుకొని కూర్చుంది. ప్యాంట్లూ చొక్కాలూ వేసుకున్న ఆడవాళ్లు మమ్మల్ని చూస్తూ పోతున్నారు. ఇది జాతర కాదని బాపమ్మకు చెప్పమని పిల్లతో గట్టిగానే అని, పిల్లలిద్దరినీ లాక్కొని అక్కడి నుంచి దూరంగా పోయాను. మాకు ఆమె ఏమీ కాదన్నట్టు పోయాను.

మధ్యాహ్నం దాటాక నీళ్ల ఆటల దగ్గర పిల్లవాడికి తడిబట్టలు మార్చి తల ఎత్తేసరికి పిల్ల లేదు. ముందు ఇక్కడే ఉంటుందనుకున్నాను, తర్వాత పిలిచాను, తర్వాత పిల్లవాడిని ఎత్తుకొని పరుగు పెట్టాను. పార్కు మనిషిని పట్టుకొని ఏడిస్తే అతను మంచిగానే చెప్పాడు, తప్పిపోయిన పిల్లలు మామూలుగా వాళ్ల కారు దగ్గరికే వస్తారు, మీ కారు దగ్గర చూశారా అని. మాకు కారు లేదయ్యా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా బతుకులో ఎన్నడూ లేనంత బీదదాన్ని అనిపించింది. నా బిడ్డ ఎక్కడికి రావాలి, దేన్ని గుర్తుపట్టి రావాలి. రంగులరాట్నం దగ్గర, ఐస్‌క్రీముల దగ్గర, వ్యాను ఆగే చోట, అన్నీ తిరిగాను. అప్పుడు మనుషుల తలల మీదుగా, దూరంగా, పచ్చచీర ముక్క గాలికి ఊగుతూ కనిపించింది.

దాని కింద నా పిల్ల కాళ్లు చాపుకొని సర్వపిండి తింటున్నది. తప్పిపోయానని తెలియగానే నేరుగా అక్కడికే వచ్చిందట. "జెండా కాడికి రావాలెనని బాపమ్మ జాతరల చెప్పింది గద" అని నాకే బుద్ధి చెప్పింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అత్తమ్మ లోటాలో నీళ్లు ముంచి, పిల్లను అడ్డం పెట్టకుండా, నాలుగు నెలల తర్వాత నా మొహం చూసి, "గంత ఉరుకుడు ఏంది పిల్లా. కూసో, జర నీళ్లు తాగు. నేనున్న గద ఈడ" అన్నది. నేను ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాను. నా తల్లి ఒళ్లో కూడా అంతసేపు ఏడ్చిన గుర్తు నాకు లేదు.

ఆ ఏడుపులో గేటుకు పోయే సాయంత్రం వ్యాను తప్పిపోయింది. గేటు దగ్గర స్టవ్వూ బియ్యమూ తీసుకొని, బండేదీ దొరక్క పెద్దరోడ్డు దాకా నడిచాం, మూట ఆమె తల మీద, పిల్లవాడు నా చంకలో, పిల్ల మా ఇద్దరి చేతులూ పట్టుకొని మధ్యలో. ఏదేదో మాట్లాడుకున్నాం, నాలుగు నెలల మాటలు ఉన్నాయి కదా. బస్సు దొరికింది, పక్కపక్కన కూర్చున్నాం. జనగామ దాటినాక అత్తమ్మ కిటికీ వైపు చూస్తూ మెల్లగా అన్నది. "ఆ ఇల్లు తీస్కో. వానికి నేను చెప్త. బండి లేకుండ గింత దూరం పిల్లలను తోల్కపోయి తోల్కొస్తానవ్, నువ్వు యాడున్నా ఎల్లదీస్తవ్. పోరికి దగ్గు తగ్గాలె." మరి నువ్వు అత్తమ్మా అని అడిగాను. "నాకేంది, మగ్గాలు లేవా" అన్నది.

హనుమకొండ బస్టాండులో మా ఆయన ఎదురుచూస్తున్నాడు. అత్తమ్మ బస్సు దిగుతూనే ఆ మాట చెప్పేసింది. ఆయన నా వైపు చూశాడు. వద్దు, కలిసే ఉందాం అనే మాట నా గొంతు దాకా వచ్చింది. పిల్ల దగ్గు గుర్తొచ్చిందో, నా తలుపుకు నా తాళం గుర్తొచ్చిందో, చంకలో పిల్లవాడిని సర్దుకుంటూ ఊరుకున్నాను. ఆ నెలలోనే వేరు పోయాం. పిల్లకు దగ్గు తగ్గింది, అది నిజం. అత్తమ్మ ఆదివారం ఆదివారం సర్వపిండి డబ్బాతో వచ్చేది, చెప్పులు విడిచి గడప బయటే నిలబడి, నేను రమ్మన్నాకే లోపలికి వచ్చేది. ఆరేళ్లు అట్లా వచ్చి, తర్వాత పోయింది.

మా కొడుకు వాళ్లు ఆదివారం సాయంత్రానికే తిరిగి వచ్చారు, ఎవరి మొహంలోనూ అలసట లేదు. మనవరాలు ఫోటోలు చూపించింది, అన్నీ బాగున్నాయి. పార్కులో పిల్లల ముంజేతికి ఏదో పట్టీ కడుతున్నారట, ఎక్కడున్నా తెలిసిపోతుందట, మంచిదే, ఏ తల్లీ నాలాగా పరుగెత్తకూడదు. దారిలో ఏం మాట్లాడుకున్నారని అడిగితే మనవరాలు ఫోటోలు జరుపుతూనే, ఏం లేదు నానమ్మా, తొందరగానే వచ్చేశాం కదా అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. ఆ రోజు మా బస్సు ఇంకో గంట ఆలస్యమై ఉంటే, దారిలో ఇంకో బండి మారాల్సి వచ్చి ఉంటే, కలిసే ఉందాం అనే ఆ ఒక్క మాట నేను కూడా అనేసి ఉండేదాన్నేమో.