సగం నరికిన కొమ్మ

మా నాయిన మేకలకు మండలు కొట్టేటప్పుడు కొమ్మను పూర్తిగా నరికేవాడు కాదు. సగం దాకా గొడ్డలి దించి, చేత్తో వంచి వదిలేవాడు. కొమ్మ ఒక పక్క బెరడు పట్టుకుని వేలాడుతూ మేకల నోటికి అందేది. నేల మీద పడిన ఆకును మేకలు తొక్కుతాయి, దాని మీదే ఉచ్చ పోస్తాయి, ఆ తర్వాత ముట్టవు. వేలాడే కొమ్మ మూడు నాలుగు రోజులు పచ్చిగా ఉంటుంది. పైగా బెరడు మిగిలితే వానలు పడ్డాక ఆ వంపు దగ్గరే మళ్లీ చిగురు వేస్తుంది. ఒక ఏడు కొట్టిన చెట్టును మరుసటి ఏడు వదిలేయాలి. మా గొల్లవాడలో అందరిదీ ఇదే పద్ధతి. ఎవరూ ఎవరికీ నేర్పినట్టు గుర్తు లేదు.

మాది నార్కట్‌పల్లి నుంచి తెల్లవారి బయలుదేరితే ఎండెక్కేసరికి చేరే ఊరు. ఊరికి పడమర గుట్ట, గుట్ట కింద కంచ అనే గడ్డి బీడు. చాలా ఏళ్ల తర్వాత నేను కాలేజీలో సమాజశాస్త్రం చెప్పి బతికాను. మనుషులు ప్రకృతిని నేరుగా చూడరని, తాము చేసే పని నుంచీ తమకున్న అధికారం నుంచీ చూస్తారని ఆ శాస్త్రం అంటుంది. పిల్లలకు అది తలకెక్కడానికి ఒక పీరియడు పట్టేది. మా కంచ గట్టు మీద నిలబడితే అంతసేపు పట్టదు. సర్కారు కాగితంలో అది బంజరు. కాపులకు అది ఇంకా దున్నని చేను. దొరకు వేటాడే జాగా. మాకు మేత. నలుగురూ చూసేది ఆ గడ్డినే.

దొర పట్నం పారిపోయిన ఏడు, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు కంచను చెక్కలు చెక్కలుగా పంచారు. ఊరంతా చావడి ముందు కూచుంది. నాయిన లేచి అడిగాడు.

"మరి మేకలు ఏడ మేయాలె?"

"నీకు గూడ ఒక చెక్క ఇస్తిమి గదనే. దున్నుకో" అన్నాడు పంచుతున్నాయన.

"నాకు నాగలి పట్టొస్తదా?"

వెనక నుంచి ఎవరో, "జర మేకలకు గూడ తలా ఒక పట్టా రాసియ్యున్రి" అన్నారు. అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వి కూచున్నాడు.

ఆ పంపకం తప్పని నేను ఎన్నడూ అనుకోలేదు. తరాలుగా దొర పొలంలో వెట్టి చేసిన వాళ్లకు భూమి రావడం కన్నా న్యాయమేముంది? అయితే ఆ న్యాయాన్ని నాగలితో కొలిచారు. మేకలున్న ఇళ్లు ఊళ్లో తొమ్మిదే. ఆ వానాకాలం కంచలో జొన్న మొలిచింది. మేం మేకలను గుట్ట ఎక్కించాం.

పోలీసు చర్య జరిగింది, రజాకార్లు పోయారు. ఇక భయం తీరిందనుకున్నాం. కొన్నాళ్లకు ఊరి బయట సిపాయిల క్యాంపు దిగింది. క్యాంపు వెనకే దొర వచ్చాడు, దొర వెనకే ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ. పంచిన చెక్కలు పంచినట్టే పోయాయి. గుట్ట మీద సంఘం దళాలు దాక్కుంటున్నాయని ఊళ్లో మగవాళ్లందరికీ గొడ్డళ్లు పట్టించి, ఊరి వైపు చెట్లన్నీ మొదలంటా కొట్టించారు. నాయిన కూడా కొట్టాడు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కున్నాక కూడా చాలాసేపు అన్నం ముందు కూచోలేదు. గుట్ట అవతలి లోయలో మాత్రం చండ్రలు, దిరిసెనలు, తుమ్మలు మిగిలాయి. అటు ఎవరూ పోకూడదని దండోరా వేశారు.

ఆ ఎండాకాలం మేకలు ఇంటి కప్పు గడ్డి పీక్కుతిన్నాయి. రెండు పిల్లలు చచ్చాయి. నాయిన పట్వారీ దగ్గరికి పోయి, "లోయల రెండు మండలు కొట్టుకుంట, పంతులూ" అని అడిగాడు. "పో, పొద్దు గూకకముందే దిగు" అన్నాడాయన. అన్నప్పుడు పక్కన మా అమ్మ ఉంది.

నాయిన మేకలను తోలుకుని నాలుగు రోజులు పోయాడు. లోయ పొడుగునా వాగు వెంట, ఒక చెట్టు వదిలి ఒక చెట్టు, కొమ్మలు సగం నరికి వంచాడు. ఐదో రోజు సిపాయిలు ఆ దారిన నడిచారు. వరసగా, ఒకే ఎత్తున, ఒకే వైపుకు వంగిన కొమ్మలు చూశారు. నాయిననూ ఇరవై రెండు మేకలనూ తోలుకుని క్యాంపుకు పోయారు.

మూడో రోజు ఊరిని చావడి దగ్గరికి పిలిచారు. నాయిన మొహం వాచి ఉంది. కుడి చేతి వేళ్లు మూసుకోవడం లేదు. అధికారి ముందు బల్ల మీద లోయ నుంచి కొట్టి తెచ్చిన దిరిసెన కొమ్మ ఉంది. ఆయన ఉర్దూలో అడుగుతుంటే పట్వారీ తెలుగులో చెప్పేవాడు.

"ఈ గుర్తులు ఎవలకు పెట్టినవ్‌రా?"

"గుర్తులు కావు పంతులూ. మేకల కోసం. పూరా నరికితే చెట్టు సస్తది."

పట్వారీ అది చెప్పాడు. అధికారి నవ్వి ఏదో అన్నాడు. "నరికేటోనికి చెట్టు మీద గంత పాణమా అంటుండు" అన్నాడు పట్వారీ.

"నువ్వే పొమ్మంటివి గద పంతులూ."

ఆ మాటను పట్వారీ చెప్పలేదు.

నాయిన జనంలోకి చూశాడు. ముందు వరసలో మా వాడకు దగ్గరున్న పెద్ద కాపు నిలబడి ఉన్నాడు. నాయినకంటే పదేళ్లు పెద్ద. నాయిన పెళ్లికి పందిరి గుంజలు ఇచ్చినవాడు.

"పటేలా, నువ్ జెప్పు. నీ గట్టు మీద తుమ్మకు గూడ గిట్లనే కొడ్త గద. ఏండ్ల సంది సూస్తున్నవ్."

కాపు బల్ల మీది కొమ్మను చూసి అధికారి వైపు తిరిగాడు.

"మేం దున్నుకునేటోళ్లం సారూ. మండల సంగతి మాకేం ఎరుక?"

కంచ కింది భాగాన్ని కౌలుకిప్పిస్తానని పట్వారీ ఆయనకు ముందు రోజే మాటిచ్చాడట. ఇది మాకు దుక్కులు మొదలయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం ఆయన భయపడ్డాడనే అనుకున్నాం. భయం కూడా ఉండే ఉంటుంది.

"ఒక్క మేకను తోలుకరాన్రి" అన్నాడు నాయిన. "కొమ్మను గిట్ల వేలాడగట్టున్రి. అదే జెప్తది."

అధికారికి ఈ మాట నచ్చింది. మేకను తెమ్మన్నాడు. సిపాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఒక్క మేకలు అప్పటికే క్యాంపులో కూరైపోయాయి. చాయకు పాలిస్తుందని ఒక కుంటి మేకను ఉంచారు. దాన్నే ఈడ్చుకొచ్చారు. కొమ్మను చావడి గుంజకు కట్టారు. దాని ఆకు మూడు రోజుల ఎండకు ముడుచుకుని ఉంది.

మేక కొమ్మ వైపు చూడలేదు. క్యాంపులో దానికి నీళ్లు పెట్టినట్టు లేదు. అధికారి కుర్చీ పక్కన బకెట్టు ఉంటే మూడు కాళ్ల మీద కుంటుకుంటూ నేరుగా అక్కడికి పోయి మూతి పెట్టింది. సిపాయిలు నవ్వారు. జనంలో కూడా కొందరు నవ్వారు. ఒకడు, "సాక్షి మాట మార్చింది" అన్నాడు.

"తాగనియ్యున్రి" అంది మా అమ్మ. "నీళ్లు తాగినంక సూడున్రి. తింటది."

పట్వారీ ఆ మాట కూడా చెప్పలేదు. ఒక సిపాయి బకెట్టును కాలితో తన్నాడు. నీళ్లు దుమ్ములో ఇంకాయి. మేక ఆ తడి మట్టిని నాకుతూ ఉండిపోయింది. అధికారి లేచాడు.

నాయినను ముందు నడిపించుకుని గుట్ట వైపు పోయారు, దళం జాగా చూపమని. ఆయనకు తెలిస్తే గదా చూపడానికి. మధ్యాహ్నానికి రెండు తుపాకీ చప్పుళ్లు వినిపించాయి. పారిపోతుంటే కాల్చామన్నారు. శవాన్ని మరునాడు ఇచ్చారు. పాదాలకు అంగుళం లోతు ముళ్లు గుచ్చుకుని ఉన్నాయి. ఆ పాదాలతో ఎవరూ పరుగెత్తలేరు. పెద్ద కాపు కూడా మోయడానికి వచ్చాడు. అమ్మ వద్దనలేదు. వద్దంటే నాలుగో మనిషి లేడు.

రెండేళ్లకు క్యాంపు ఎత్తేశారు. అమ్మ పుట్టింటి వాళ్లు రెండు మేక పిల్లలనిచ్చారు. నేనూ అమ్మా లోయకు పోయాం. నాయిన వంచిన కొమ్మల్లో చాలావాటికి వంపు దగ్గర చిగుళ్లు వచ్చి ఉన్నాయి. అమ్మ వాటిని దాటి పోయింది. ఒక తుమ్మ దగ్గర ఆగి, కొమ్మను మొదలంటా నరికి కింద పడేసింది.

"నాయిన గిట్ల కొట్టకపోయేది" అన్నాను.

"వేలాడితే ఎవలన్న జూస్తరు."

"క్యాంపు పోయింది గదనే."

"ఊరు పోలే గద."

గొల్లవాడలో అందరూ అట్లాగే నరకడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఒక ఏడు కొట్టిన చెట్టును మరుసటి ఏడు వదలడమూ పోయింది. రేపటికి ఈ గుట్ట తనకు ఉంటుందని నమ్మేవాడే చెట్టును వదులుతాడు. నాలుగైదు ఎండాకాలాల్లో దిరిసెనలు ఎండిపోయాయి, తర్వాత చండ్రలు. మేకలు ముట్టని సీతాఫలం పొదలు మాత్రం మిగిలాయి.

నేను కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన చాలా ఏళ్లకు మా జిల్లా గుట్టల గురించి అటవీ శాఖ అధికారి ఒకాయన వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. మంచి మనిషి, పుస్తకాలు చదివినవాడు. ఈ గుట్టలు బోడివి కావడానికి కారణం మేకలని, మేకల కాపరులకు చెట్టు విలువ తెలియదని చెప్పాడు. నేను మొదటి వరసలో కూచున్నాను. ప్రశ్నలున్నాయా అని అడిగితే లేవలేదు. ఏమని లేవాలి? చూపించడానికి ఆ లోయలో ఒక్క చెట్టు కూడా లేదు. పిల్లలు ఆయన మాటను నోట్సులో రాసుకున్నారు. ఆ ఏడు పరీక్షలో గుట్టలు బోడివి కావడానికి కారణమేమిటన్న ప్రశ్న వచ్చింది. మేకలని రాసిన వాళ్లకు నేనే మార్కులు వేశాను.