రేపు రా బేటా

సినిమాలో నటులు నడుస్తారు గానీ, మనకు వినపడే అడుగుల చప్పుడు చాలాసార్లు వాళ్లది కాదు. ఎడిటింగ్ అయ్యాక ఎవరో ఒకరు తెర చూస్తూ వాళ్లతో పాటు నడిచి, గాజులు కదిపి, గ్లాసు కింద పెట్టి ఆ శబ్దాలన్నీ మళ్లీ పుట్టిస్తారు. ఆ పనిని ఫోలీ అంటారు. అది నేర్చుకుంటానని నేను అమలాపురం నుంచి బయల్దేరినప్పుడు మా నాన్న అడిగింది ఒక్కటే.

"నడవడం నేర్చుకోడానికి హైదరాబాదు దాకా ఎందుకమ్మాయ్?"

అయినా మూడు నెలలు గడువిచ్చారు. ఆలోపు నా హాస్టల్ ఖర్చు నేను సంపాదించుకోవడం మొదలైతే ఉండొచ్చు. లేదంటే తిరిగొచ్చి బీఎడ్‌లో చేరాలి. మా నాన్న గడువంటే గడువే, ఒక రోజు అటూ ఇటూ కాదు.

నాకు పని నేర్పడానికి ఒప్పుకున్న ఫోలీ మాస్టారిది బోరబండ. అరవై దాటిన బక్క మనిషి. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ కింద, సెల్లారులో ఉండేది ఆయన గది. మొదటిరోజు నేను గుమ్మంలోనే నిలబడి, సిగ్గుపడుతూ, "నేర్చుకునేటప్పుడు ఏమైనా ఇస్తారా అండీ?" అని అడిగాను. ఆయన ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉన్నారు. నా మాట సగమే వినుంటారు.

"ముందుగాల వినుడు నేర్వాలె. రేపు రా బేటా," అన్నారు.

సినిమా వాళ్ల భాషలో బేటా అంటే రోజు ఖర్చులకని చేతికిచ్చే డబ్బు. యూసుఫ్‌గూడ హాస్టల్లో దిగిన సాయంత్రమే ఆ మాట పదిసార్లు విన్నాను. ఈ కంపెనీ బేటా సరిగ్గా ఇస్తుందా, ఆ కంపెనీ ఎగ్గొడుతుందా అని అక్కడ అందరూ మాట్లాడుకునేది దాని గురించే. హిందీలో బేటా అంటే కొడుకని నాకు తెలియక కాదు. కానీ హైదరాబాదులో ఆడపిల్లని కూడా ప్రేమగా బేటా అంటారని నాకెవరు చెప్పారు? నాకు వినపడింది ఇంతే: రేపు రా, బేటా ఇస్తాను. ఆ పూటే ఇంటికి ఫోన్ చేసి, "జీతం లేదు గానీ బేటా ఉంది నాన్నా" అని గొప్పగా చెప్పేశాను.

మర్నాడు సాయంత్రం ఆయన మళ్లీ "రేపు రా బేటా" అన్నారు. ఆ మర్నాడూ అంతే. కోర్టు వాయిదాల్లా ఉన్నాయే ఈయన వాయిదాలు అని లోపల్లోపల తిట్టుకుంటూ చెక్‌పోస్ట్ స్టాపు దాకా నడిచొచ్చి బస్సెక్కేదాన్ని.

హాస్టల్లో మా గదికి ముగ్గురం, ముగ్గురమూ పని నేర్చుకునేవాళ్లమే. కరీంనగర్ అమ్మాయి ఐటీఐ చదివి బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉంది. నెల తిరిగేసరికి దాని స్టైపెండ్ బ్యాంకులో పడేది. ఇంతకు తగ్గకూడదని సర్కారు రూలుందట, ఎవర్నీ అడగక్కర్లేదు. విజయవాడ అమ్మాయి మేకప్ నేర్చుకుంటోంది. దానికి రావడం మాట అటుంచి, అదే ఎదురు ఫీజు కట్టింది. అమలాపురంలో మా తమ్ముడు ఏసీ మెకానిక్ దగ్గర చేరితే వాడికిచ్చేది రెండు పూటలా టిఫిను, టీ. అదే పని హైదరాబాదులో నేర్చుకునేవాడికి టిఫిను పైన దినకూలి కూడా ఉందని తెలిసి వాడు నెల రోజులు మొహం మాడ్చుకు తిరిగాడు. నా పనే ముంబైలో నేర్చుకుంటే మొదటి నెల నుంచి ఎంతో కొంత ఇస్తారని ఎవరో చెప్పారు. నేర్చుకోవడం అందరికీ ఒకటే అయినప్పుడు ఊరు మారితే, చేతిలో పనిముట్టు మారితే విలువ ఇంతలా ఎలా మారుతుందో నాకిప్పటికీ అర్థం కాదు. "నీది ఏం పనే, ఉత్త వినుడేనా?" అనేది కరీంనగర్ అమ్మాయి. నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే అది నిజం.

మొదటి నెలంతా రోజులో సగం సేపు నన్ను కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. అయినా పొద్దున ఆ గదిలో అడుగుపెడితే నా కోపం నిలిచేది కాదు. నేల మీద గళ్లు గళ్లుగా సిమెంటు, చెక్క, రాయి, ఇసుక. గోడ పొడుగునా చెప్పులు. అరవై దాటిన మనిషి హీరోయిన్ హైహీల్స్ తొడుక్కుని, తెర మీద ఆ పిల్ల అలిగి మెట్లు దిగుతుంటే అక్షరాలా ఆమెతో పాటు అలిగేవారు. ఒకసారి చిరిగిన గొడుగు తీసి టపటపా రెండుసార్లు మూసి తెరిచారు. కళ్లు మూసుకున్నదాన్ని పావురాలు ఎగిరాయనుకుని తలెత్తి సీలింగు వైపు చూశాను. ఇలాంటి మనిషి ఉన్న గదిలో నేనున్నాను కదా అని బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

"చెప్పులు జూడకు బేటా. మనిషి ఏం మోసుకొని నడుస్తదో అది జూడు," అనేవారు. నేనేమో ఆ వాక్యంలో కూడా బేటా అన్న ముక్కే పట్టుకుని ఆశపడేదాన్ని.

గడువు రేపటితో తీరుతుందనగా ఇక ఆగలేక అడిగేశాను. "మాస్టారూ, మూడు నెలల బేటా రావాలండీ నాకు."

ఆయన హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశారు. "ఎవలి బేటా?"

"నాదేనండీ. రోజూ రేపు రా బేటా అంటున్నారు కదా."

అర్థం కావడానికి ఆయనకు కాసేపు పట్టింది. తర్వాత ఇసుక గడి పక్కన కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వు ఆగాక ఆయన మొహం చిన్నబోయింది.

"నేర్చుకునేటోళ్లకు ఈ బడ్జెట్ల జాగ లేదు బేటా. చేసినోళ్లకే ఉంటది. నువ్వు జెయ్. ప్రొడక్షన్ మేనేజర్ వస్తడు, నేనడుగుత."

తెర మీద సీను మామూలుదే. హీరో తల్లి వంటింట్లోంచి కంచం పట్టుకుని వస్తుంది. నటి వీపే కనిపిస్తుంది. అమ్మ అనగానే నాకు తెలిసింది మా అమ్మే కదా. చెప్పుల్లేకుండా రాతి గడి మీద అమ్మలా నాలుగడుగులు వేశాను, నాలుగోది కొంచెం ఆగి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. రికార్డయినదాన్ని మళ్లీ పెట్టుకుని విన్నారు.

"ఈమెకు ఎడమ మోకాలు నొస్తది," అన్నారు.

నేను మోకాలు గురించి అనుకోనే లేదు. ఆయన మా అమ్మని ఎన్నడూ చూడలేదు.

మేనేజరు గారు వచ్చి విని, బాగుందన్నారు. ఆయనది గుంటూరు వైపు. "ఈ అమ్మాయి ఎవరండీ?" అని అడిగితే మాస్టారు నవ్వు దాచుకుని, "బేటా," అన్నారు. మేనేజరు గారు "ఓహో, బేటానా" అని చీటీ తీసి ఆ మాటే రాసి, పక్కన అంకె వేసి, రోజూ వచ్చి సంతకం పెట్టమన్నారు. కరీంనగర్ అమ్మాయికి రోజుకి పడేదాంట్లో సగం కూడా లేదు. హాస్టల్‌కి చాలదు.

మెట్లెక్కి రోడ్డు మీదకొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. బేటా వచ్చిందని చెప్పాను. నాన్న ఎంత అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వచ్చెయ్యమనేలోపే అడిగాను.

"నాన్నా, అమ్మకి ఎడమ మోకాలు నొప్పా?"

నాన్న గొంతు తగ్గించారు.

"ఎవరు చెప్పారు నీకు? ఏడాదిగా అవస్థ పడుతోంది. నీకు తెలియనివ్వొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

"ఎవరూ చెప్పలేదు. అమ్మ నడిచినట్టు నేను నడిచాను. మా మాస్టారు విన్నారు."

"ఇదా ఆయన నీకు నేర్పేది?"

"అవును నాన్నా."

"అయితే ఉండు," అన్నారు. "హాస్టల్‌కి తక్కువైంది నేను పంపుతాను."